అలమేలు టీచరు ఒక్క గీత

సోమవారం మూడో తరగతి గదిలోకి అడుగు పెట్టగానే మామిడిపండు వాసన గుప్పుమంది. కాయలు రావడానికి ఇంకా నెలలు ఉన్నాయి, ఎక్కడిదీ వాసన అని బెంచీల మధ్య ముక్కుతో వెతుక్కుంటూ పోతే ఒక పాప పిడికిట్లో దొరికింది. పండు కాదు, రబ్బరు. పసుపుపచ్చగా, నున్నగా, పైన ఆకుపచ్చ తొడిమతో సహా మామిడిపండు ఆకారంలో ఉంది. చుట్టూ ఇన్ని మామిడి తోటలు పెట్టుకుని రాజపాళయంలో మామిడి వాసన రబ్బరు కొనుక్కోవడమంటే, చెరువులో నిలబడి నీళ్ళ బాటిల్ కొన్నట్టే. చెయ్యి చాపి, "ఇట్లా ఇవ్వు పాపా, రాసేటప్పుడు దీనికి ఇక్కడ పని లేదు" అన్నాను. అని, నా మీద నాకే విసుగు వచ్చింది. ఆ గొంతు నాది కాదు. అలమేలు టీచరుది. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ మనిషి నా గొంతులో ఇంకా డ్యూటీకి వస్తూనే ఉంది, అదీ ఒక్క రోజు లీవు లేకుండా.

ఆమె మా ప్రైమరీ స్కూలుకు హెడ్ టీచరు. నేను అక్కడ కంప్యూటర్ టీచరుగా చేరేనాటికి ఆమె సర్వీసు ఇంకో రెండేళ్ళు మిగిలి ఉంది. సన్నగా, పొడుగ్గా, కొప్పులో ఒక పెన్సిల్ గుచ్చుకుని ఉండేది. పొద్దున ఆ పెన్సిల్ కోసం ఆఫీసంతా వెతికించి, చివరికి కొప్పు తడుముకుని, "ఇక్కడ ఉండె, ఎవరూ చెప్పలేదే" అని తప్పు మా మీద వేసేది. జూన్‌లో స్కూలు తెరిచిన రోజే పిల్లల రబ్బర్లన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పడేవి. ఏప్రిల్ చివర్లో మళ్ళీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేది. మధ్యలో ఎప్పుడైనా ఆ డబ్బా మూత తీస్తే స్ట్రాబెర్రీ, ద్రాక్ష, చాక్లెట్ వాసనలన్నీ కలిసి మిఠాయి కొట్టు తలుపు తెరిచినట్టు ఉండేది. మూత పెట్టగానే లోకం మళ్ళీ సుద్దముక్క వాసనకు వచ్చేది. ఆమె పద్ధతి ఒకటే. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టాలి. రెండో గీత కూడదు. గీత కింద ఏముందో చదవడానికి రావాలి. నా అరచేతిలో ఏ గీత చూసి ఈ ఉద్యోగం ఇచ్చారో తెలియదు కాని, చేరాక నాకు మిగిలింది మాత్రం ఆమె గీతే.

చేరిన వారంలోనే హాజరు పట్టీలో ఒక పేరు తప్పు రాసి, దాని మీద తెల్ల ఇంకు పూశాను. కంప్యూటర్లు చదివినదాన్ని కదా, శుభ్రంగా ఉండాలని. ఆమె ఆ పేజీని కిటికీ వెలుతురుకు పట్టుకుని, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

"సేత్తూరమ్మా, దీని కింద ఏముండె?"

నేను రోజూ సేత్తూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. అందుకని నాకు ఆమె పెట్టిన పేరు అది. విజయ అని నాకో పేరుందని ఆమెకు నెల జీతం రోజు మాత్రమే గుర్తొచ్చేది.

"తప్పు ఉండె టీచర్."

"ఏం తప్పు?"

"మరిచిపోయినాను టీచర్."

"చూసినావా? అంత సీక్కిరంగా మరిచిపోయేదానికా అంత ఇంకు పూసినావు? రేపు మళ్ళీ అదే రాస్తావు. అప్పురం ఇంకో సీసా కొంటావు."

సీక్కిరం అంటే అరవంలో తొందర, అప్పురం అంటే తర్వాత. తమిళనాడులో ఉన్న మా ఊళ్ళలో మాట్లాడే తెలుగులో ప్రతి మూడో మాటా ఇట్లా అరవం ఇంట్లో పుట్టి మా ఇంటికి దత్తు వచ్చిందే. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, స్కూల్లో ఇంగ్లిష్. ఇంట్లో మాట ఉంటుంది గాని దానికి అక్షరం ఉండదు. నా సంగతే చెప్పాలంటే, ఇంట్లో పుట్టిననాటి నుంచి తెలుగే మాట్లాడినా, ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా అ నుంచి ఆ దాకా కూడా రాయడం రాదు. అలమేలు టీచరు మూడో తరగతికి తెలుగు చెప్పేటప్పుడు వెనక బెంచీలో కూర్చుని నేర్చుకున్నాను. ఆ తరగతిలో అందరికన్నా పొడుగైన విద్యార్థిని నేనే, అందరికన్నా వెనకబడిన విద్యార్థినీ నేనే. నా పక్కన కూర్చునే పిల్లవాడు "టీచర్, మీ ణ కి కాలు విరిగింది" అని చెప్పేవాడు. నేను రబ్బరు కోసం వెతుక్కునేదాన్ని. ముందు నుంచి, వెనక్కి తిరగకుండానే, "ఒక్క గీత!" అని వినిపించేది.

ఆ తెలుగు పీరియడ్లకే ముప్పు వచ్చింది. మా స్కూలుకు యాజమాన్యం తరఫున అన్నీ చూసుకునే పెద్దమనిషిని కరస్పాండెంట్ అంటారు. పేరుకు కరస్పాండెంటే గాని అలమేలు టీచరు రాసిన ఒక్క ఉత్తరానికీ ఆయన జవాబు రాసింది లేదు. ఒకరోజు స్వయంగా వచ్చారు. స్కూలుకు ఎవరో ఆరు పాత కంప్యూటర్లు ఇచ్చారు. అంతవరకు నేను పేరుకే కంప్యూటర్ టీచర్ని, చేసేది ఆఫీసు పని. వాటికి పీరియడ్లు కావాలి. వారానికి నాలుగు తెలుగు పీరియడ్లు ఉన్నాయి. ఆయన లెక్క తేలిక.

"టీచరమ్మా, పిల్లలకు తెలుగు ఇంట్లోనే వస్తాది కదా. ఇస్కూల్లో ఎందుకు? ఆ నాలుగూ కంప్యూటర్‌కి ఇచ్చేయండి."

"అన్నం కూడా ఇంట్లోనే పెడతారు. ఇక్కడ మధ్యాహ్నం ఎందుకు పెడతా ఉండాము?" అంది ఆమె.

ఆయన నవ్వారు గాని మాట మార్చలేదు. కమిటీలో అందరూ అదే అంటున్నారని, టర్మ్ చివర్లో వచ్చి చూసి నిర్ణయం చెప్తామని అన్నారు. ఆయన వెళ్ళాక ఆమె కొప్పులోని పెన్సిల్ తీసి, టేబుల్ మీద పెట్టి, మళ్ళీ కొప్పులో గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళుగా చెప్తున్న పాఠం ఆమెది. అందులో నాలుగు పీరియడ్లంటే ఆమెకు నాలుగు దిక్కులు. నాకేమో ఆమె ముఖం చూడాలంటే సిగ్గు. ఆ పీరియడ్లు పోతే వచ్చేది నాకే కదా. ఆ సిగ్గుతోనే నోరు జారాను.

"టీచర్, తెలుగుని కంప్యూటర్లోనే చెప్తే? రెండూ ఒకే పీరియడ్ అవుతాది."

"సరి. అయితే ముందు నోటులో రాయాల. అప్పురమే నీ పెట్టె." కంప్యూటర్‌ను ఆమె చివరిదాకా పెట్టె అనే అంది. లోపల ఏముందో ఎవరికి తెలుసు అన్నట్టుగా.

అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. నేను ఎంచుకున్నవి చాలా తేలికైన పనిముట్లు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలుగా మారే పేజీ ఒకటి. అందరూ ఒకేసారి రాయగలిగే పేజీ ఒకటి. మాటలు వేస్తే, ఎక్కువమంది వేసిన మాటను పెద్దగా చూపించే బొమ్మ ఒకటి. ఆరు కంప్యూటర్లలో ఏ రోజూ నాలుగుకు మించి లేచేవి కావు. లేచిన నాలుగింటికీ నెట్ అందేది కాదు. నెట్ అంటే వల అని పిల్లలకు చెప్పాను గాని, అందులో పడి కొట్టుకుంటున్న చేప నేనే. ఇటు ఈమె. పిల్లలు ఒక్క మాట కొట్టడానికి ముందు అది నోటులో ఉందా అని చూసేది. ఒకే మాట రెండుసార్లు రాయడం ఎందుకు టీచర్ అంటే, "ఒకే అన్నం రోజూ తింటావు కదా" అనేది. ఆమెకు ఎప్పుడు ఏ పోలిక కావాలన్నా వంటింట్లోంచే వచ్చేది. వాదించి గెలిచినవాళ్ళు లేరు, ఆకలితో వెనక్కి వచ్చినవాళ్ళే.

మొదటి పాఠం ఇంకా గుర్తుంది. పొద్దున లేవగానే మీ ఇంట్లో వినపడే మాట ఒకటి వేయండి అన్నాను. ఇరవై ఇద్దరు పిల్లలు వేశారు. అమ్మ, కాఫీ, నీళ్ళు, లేయి, ఇట్లాంటివి వస్తాయని నా ఆశ. ప్రొజెక్టర్ వేయగానే గోడ మీద బొమ్మ వెలిగింది. మధ్యలో ఇంత లావున, గోడంతా ఆక్రమించుకుని ఒకే మాట: సీక్కిరం. దాని చుట్టూ చీమల్లాగా అమ్మ, కాఫీ, నీళ్ళు. తెలుగు పాఠంలో అరవం మాట రాజ్యమేలుతోంది. నా చెవులు కాలిపోయాయి. దాన్ని తీసేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను. వెనక నుంచి ఒక విచిత్రమైన చప్పుడు. అలమేలు టీచరు నవ్వుతోంది. ఆమె నవ్వగలదని అంతవరకు స్కూల్లో ఎవరికీ తెలియదు.

"ఎందుకు తీస్తావు? మన ఊరి తెలుగు ఇదే. పెద్దగా ఉంది, ఉండనీ. రేపు అడుగుదాము, తెలుగులో ఏమంటారో వాళ్ళే వెతుక్కొని వస్తారు."

మరునాడు పిల్లలు తొందర, త్వరగా, గబగబ, బిరబిర తెచ్చారు. ఒకడు "మా తాత తొందరే పడడు, అందుకని మాట లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలైంది. అంతవరకు దూరంగా ఉండి విసిగించేది, ఇప్పుడు దగ్గరగా కూర్చుని విసిగించేది. ఒకసారి మౌస్ పట్టుకుంటే వదిలేది కాదు.

టర్మ్ చివరికి వచ్చాం. కరస్పాండెంట్ బుధవారం వస్తారని కబురు. ఆయనకు చూపించడానికి నేను "మా ఇంటి పని" అని ఒక పేజీ తయారు చేశాను. నాలుగో తరగతిలో ఒక్కొక్కరు ఇంట్లో జరిగే ఒక పని గురించి నాలుగైదు వాక్యాలు రాయాలి. ఇక్కడే నేను ఒక వెధవ పని చేశాను. నోటులో రాయించి, మళ్ళీ కొట్టించడానికి టైము లేదని, ఆమె దంత వైద్యుడి దగ్గరకు పోయిన రోజు చూసుకుని, పిల్లల చేత నేరుగా పేజీలోనే రాయించాను. పిల్లలకు పండగ. చారు అని ఒక పిల్ల ఉండేది. పేరు చారు గాని రాసింది ఊరగాయ గురించి. అది నాకు నోటికి వచ్చు:

"మా అవ్వ మాంగాయ కోస్తుంది. నేను ఉప్పు వేస్తాను. ఎక్కువ వేసినాను. అవ్వ ఏమీ అనలేదు. సంవత్సరం అంతా అందరూ నీళ్ళు తాగినారు."

ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ మురిపెంలోనే శుక్రవారం సాయంత్రం ఆ పేజీ లింకును తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను, చూసి సంతోషిస్తారని. లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడడమే కాదు, రాయవచ్చు కూడా అన్న చిన్న సంగతి మరిచిపోయాను. మా ఊరి సంగతీ మరిచిపోయాను. ఇక్కడ తల్లిదండ్రుల గ్రూపులో ఒక మాట పడితే అది రాత్రికల్లా ఇంటి గ్రూపుకు, అక్కడి నుంచి మేనత్తలకు, చెన్నైలో పెదనాన్నలకు, కోయంబత్తూరులో పిన్నమ్మలకు పోతుంది. బంధువులున్నది చూడడానికా? సర్దడానికి.

సోమవారం పొద్దున పేజీ తెరిస్తే ధగధగా మెరిసిపోతోంది. ఎక్కడా ఒక్క తప్పు లేదు. పేరాలు, పూలబొమ్మలు, దేవుడి బొమ్మలు. చారు పేరు కింద ఇట్లా ఉంది: "మా నాయనమ్మగారు తయారుచేయు మామిడి ఊరగాయ మిక్కిలి రుచికరముగా నుండును. మా కుటుంబ సంప్రదాయము ననుసరించి కొలతలు ఖచ్చితముగా పాటింతురు." సిగ్గు లేకుండా చెప్తున్నాను, నేను సంతోషించాను. కరస్పాండెంట్ ఇది చూస్తే నాలుగు పీరియడ్లను ఆరు చేస్తారనుకున్నాను. ప్రింటు తీసి ఆమె టేబుల్ మీద పెట్టాను.

ఆమె మొత్తం చదివింది. "బాగుంది. ఎవరు రాసినారు?"

"పిల్లలే టీచర్."

"చారు 'పాటింతురు' అన్నదా?"

చారును పిలిపించింది. ఆ పిల్ల కాగితం పట్టుకుని, "త..యా..రు..చే..యు" అని సగం దాకా లాగి ఆగిపోయింది.

"టీచర్, నా ఉప్పు ఏది?"

"ఏ ఉప్పు పాపా?"

"నేను రాసినాను టీచర్. ఉప్పు ఎక్కువ వేసినాను అని. అత్త తీసేసింది. అవన్నీ బయట చెప్పకూడదంట, ఇంటి పరువంట." పిల్ల కళ్ళు నిండాయి. "నేను మళ్ళీ రాయను టీచర్."

ఆ ఆఖరి మాట అలమేలు టీచరుకు ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. చారును పంపేసి నా వైపు తిరిగింది.

"నోటు తీసుకురా. అందులో ఉంటుంది కదా."

"నోటులో రాయించలేదు టీచర్."

తిట్టినా బాగుండేది. ఆమె లేచి నన్ను పెట్టె దగ్గరకు తీసుకుపోయింది. పేజీ తెరిపించి అడిగింది: "నీ పెట్టెలో గీత లేదా?"

"చెరిపితే చెరిగిపోతాది టీచర్. కంప్యూటర్‌లో అంతే."

"ఎవరు చెప్పినారు?"

"నేను కంప్యూటర్ టీచర్ని టీచర్!"

"నువ్వు తెలుగు బిడ్డవు కూడా. ఇరవై నాలుగేళ్ళు అ రాయడం తెలిసిందా? జరుగు."

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టినా లేవలేదు. పేజీ పైన వరసగా కనిపించిన ప్రతి మాటనూ ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ పోయింది. అక్షరాలు ఎర్రబడ్డాయి, లావయ్యాయి, పక్కకు వాలాయి. "అది కాదు టీచర్, అది ప్రింటు" అని నేను, "ఉండు" అని ఆమె. నా సాంబారన్నం చల్లారిపోయింది, నాకు మాత్రం వేడెక్కిపోయింది. ఇంకొక్కసారి నొక్కితే లేచిపోదామనుకుంటుండగా, పక్కన ఒక పొడుగాటి పట్టీ తెరుచుకుంది. శుక్రవారం, శనివారం, ఆదివారం, ఎవరెవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా. శనివారం మీద నొక్కింది. అత్తగారి "మిక్కిలి" ఆకుపచ్చగా వెలిగింది. దాని పైన చారు వాక్యాలు ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద సన్నగా ఒక్క గీత. కింద ఉన్నది హాయిగా చదవడానికి వస్తోంది.

నేను మూడేళ్ళు డిప్లొమా చదివి టర్మంతా పాఠం చెప్తున్న పనిముట్టు అది. అందులో అట్లాంటిదొకటి ఉందని నాకు తెలియదు. అలమేలు టీచరు ఆ తెర వైపు, బాగా చదివిన పిల్లను చూసినట్టు చూసింది.

"చూసినావా సేత్తూరమ్మా, దీనికి ఉంది బుద్ధి."

బుధవారం ఏది చూపించాలన్న దాని మీద మాకు పెద్ద గొడవే అయింది. ఎందుకంటే చారు కరస్పాండెంట్ గారి అన్న మనుమరాలు. ఉప్పు తీసేసిన అత్త ఆయన సొంత కూతురు. "టీచర్, మెరిసేదే చూపిద్దాము. పీరియడ్లు నిలిచినాక మీ ఇష్టం" అని బతిమాలాను. "చారు మళ్ళీ రాయను అనింది. నాలుగు పీరియడ్లు నిలబెట్టి ఎవరికి చెప్పేది?" అంది. అంతే, గీత గీసేసింది.

ఆయన కమిటీవాళ్ళు ఇద్దరితో వచ్చి కూర్చున్నారు. గోడ మీద ఆమె గీతలున్న పేజీనే వేయించింది. ఆయన మొదట తన కూతురి వాక్యాలు చదివి తల ఊపారు. ఆ తర్వాత పైన గీత కొట్టినవి చదివారు. నేను గోడకు అతుక్కుపోయాను. ఆయన ఆఖరి వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"చారూ, ఇట్లా రా. పోయిన సంవత్సరం ఉప్పు వేసింది నువ్వా?"

చారు నా చీర కొంగు వెనక నుంచి తల ఊపింది.

"అవ్వ ఏమీ అనలేదా?"

"లేదు తాతా."

ఆయన కళ్ళజోడు తీశారు. "నేను ఎంత మాట అన్నాను మా వదినను. ఆ ఇంట్లోనే తిని, అందరి ముందర. వయసైపోయింది, చెయ్యి తప్పింది, ఇంక వంట వదిలేయండి అని. నా కర్మ. ఆమె ఒక్క మాట... బిడ్డ వేసిందని ఒక్క మాట చెప్పలేదే." కమిటీవాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారు. "వదిలేసినారు కూడా. ఈ యేడు మాంగాయే పెట్టలేదు."

ఇంకేమీ చూడకుండా లేచి వెళ్ళిపోయారు. కారు స్కూలు గేటు దాటి, ఆయన ఇంటివైపు కాకుండా అన్నగారి ఇంటివైపు తిరగడం మేమిద్దరం చూశాం.

పది రోజులకు ఒక చీటీ వచ్చింది. మా కరస్పాండెంట్ జీవితంలో రాసిన మొదటి జవాబు అదే అయ్యుండాలి. తెలుగుకు నాలుగులో రెండు పీరియడ్లు ఉంటాయి, రెండు కంప్యూటర్‌కు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత జరిగాక కూడా సగమా? అలమేలు టీచరు ఆఫీసు గోడ మీది టైమ్‌టేబుల్ ముందు నిలబడింది. కొప్పులోంచి పెన్సిల్ తీసింది. పోయిన రెండింటి మీద, "తెలుగు" అన్న మాట మీద ఒక్కొక్క గీత కొట్టింది. పక్కన చిన్నగా "కంప్యూటర్" అని రాసింది.

ఇప్పుడామె మంసాపురంలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. చేతికి ఫోను వచ్చింది, అది నా దురదృష్టం. సోమవారం సాయంత్రం ఈ రబ్బరు సంగతంతా ఆమెకు మెసేజ్ రాసి పంపి, మరీ ఏడుపుగొట్టుగా ఉందనిపించి వెంటనే చెరిపేశాను. నిమిషం కాలేదు, ఫోను.

"సేత్తూరమ్మా, ఏమి చెరిపినావు?"

"ఏమీ లేదు టీచర్."

"ఏమీ లేనిదాన్ని చెరిపేదెందుకు? చెప్పు."

మొత్తం చెప్పించుకుంది. విని, "ఆ పిల్ల రబ్బరు ఇచ్చేయి. డబ్బా నాతోనే వచ్చేసింది, నువ్వెక్కడ పెడతావు? వాసన చూసుకోనీ. రాసేటప్పుడు సంచిలో ఉంటే చాలు" అంది. ఇన్నేళ్ళు లేని కనికరం! నా మీద మాత్రం ఒక్కరోజూ చూపించలేదు.

మంగళవారం ఆ పాపను ఆఫీసుకు పిలిచి రబ్బరు ఇచ్చాను. తీసుకుని వెళ్ళకుండా గోడ వైపు చూస్తూ నిలబడింది. టైమ్‌టేబుల్ ప్రతి జూన్‌లో నేనే రాస్తాను. తెలుగు అని నాలుగు చోట్ల రాసి, రెండింటి మీద ఒక్కొక్క గీత కొడతాను. కొత్తగా వచ్చిన టీచర్లు లేని పీరియడ్లు ఎందుకు రాస్తారని ప్రతి ఏడూ అడుగుతారు. నేను ప్రతి ఏడూ విసుక్కుంటాను.

పాప మునివేళ్ళ మీద లేచి, గీత మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "తె..లు..గు. టీచర్, దీన్ని కొట్టేసినారు."

"అవును."

"చదవడానికి వస్తా ఉంది టీచర్."

"వస్తాది" అన్నాను. "క్లాసుకు పో, బెల్లు కొట్టినారు."